తొమ్మిదో తీగ

ఆ వీధిలో చివరి ఇంటికి మంచి పేరు లేదు. రాత్రి తొమ్మిది దాటాక అటు పనిపడితే జనం అవతలి వీధిలోంచి చుట్టు తిరిగైనా వెళ్లేవాళ్లు గానీ, ఆ గేటు ముందు నుంచి నడిచేవాళ్లు కాదు. అరుపులు వినిపించాయనో, గజ్జెలు మోగాయనో కాదు. తెల్లచీరలూ లేవు. ఉన్నదల్లా ఒక బల్బు.

ఆ ఇంట్లో ఉండే నర్సమ్మ పోయి రెండేళ్లయింది. ఇంట్లో ఎవరూ లేరు కదా అని కరెంటు ఆఫీసు వాళ్లొచ్చి స్తంభం దగ్గరే తీగ కోసేసి పోయారు. అయినా సరే... రాత్రి తొమ్మిదయ్యేసరికి వెనక గదిలో బల్బు వెలిగేది. తెల్లవారేదాకా వెలుగుతూనే ఉండేది.

తాళం వేసిన ఇల్లు. కరెంటు లేని ఇల్లు. మరి వెలిగించేదెవరు?

ఈ మాట విని పగలబడి నవ్వినవాడు ఒక్కడే — కరెంటు మేస్త్రీ. "దెయ్యానికి కనెక్షన్ ఎవడిచ్చాడ్రా? మనుషులకివ్వడానికే చెప్పులరిగేలా తిప్పుతున్నారు!" అనేవాడు టీకొట్టు దగ్గర.

అతనేదో మహా ధైర్యవంతుడని కాదు. భయపడి ఇంటికెళ్లినా "ఏమైంది, అలా ఉన్నావేం?" అని అడిగే మనిషి లేదు, అంతే. భార్య పోయి నాలుగేళ్లు. పిల్లలు లేరు. ఎన్నింటికి ఇల్లు చేరినా ఒకటే, అసలు చేరకపోయినా ఒకటే. అలాంటివాడికి ఏ ఇల్లయితేనేం, చేతికి పని దొరికితే చాలు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రెండు రాత్రులూ ఏం జరిగిందో తర్వాత అతనే చెప్పాడు. విన్నవాళ్లు ఇంకెవరికీ చెప్పకుండా ఉండలేకపోయారు.

నర్సమ్మ మేనకోడలు ఆదివారం ఆ ఇంట్లోకి దిగాలనుకుంది. బుధవారం మధ్యాహ్నం మేస్త్రీని పిలిపించి తాళంచెవి చేతిలో పెట్టింది.

"మేస్త్రీ గారూ, ఆ పాత ఫ్యూజుపెట్టె పీకేసి కొత్తది బిగించండి. రేపు పొద్దున్నే ఆఫీసు వాళ్లొచ్చి కరెంటిస్తారట. ఈ రాత్రికల్లా అయిపోవాలి."

"అయిపోతుందమ్మా. మీరు లోపలికొచ్చి చూసుకోండి, ఎక్కడ బిగించాలో..."

"మీకు తెలీనిదేముంది" అంటూ ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తర్వాత గొంతు తగ్గించింది. "వెనక గదిలో అత్త మంచం, సామాను ఉన్నాయి. కదపకండి."

పాత పెట్టె అంటే చెక్కపలక మీద వరసగా తొమ్మిది పింగాణీ ఫ్యూజులు. మేస్త్రీ రాగానే ఒక్కోదానికీ టెస్టరు పెట్టి చూశాడు. ఒక్కటీ వెలగలేదు. అసలు ఇంటికే కరెంటు లేదు, తీగలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది? టెస్టరు జేబులో పెట్టేసి మళ్లీ తీయలేదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు చేసే తప్పే అది. పని కొత్తగా నేర్చుకున్నవాడైతే తీగ ముట్టుకున్నప్పుడల్లా చూసుకుంటాడు.

పెట్టె ఊడదీశాక అసలు తంటా మొదలైంది. తీగల కొసలు పెళుసెక్కిపోయాయి. కాస్త వంచితే చాలు, పైతొడుగు పెచ్చులుగా రాలుతోంది. మంచి రాగి కనిపించేదాకా కోసుకుంటూ పోతే చివరికి ప్రతి తీగా జానెడు పొట్టిదైపోయింది. కొత్త పెట్టెకి ఒక్కటీ అందదు. ఇక చేసేదేముంది, ఒక్కోదానికీ అతుకు వేసి పొడిగించడమే. అదే లావు కొత్త ముక్క, మధ్యలో కనెక్టరు, మర బిగించి, గట్టిగా లాగి చూసి, దాని మీదొక చీటీ. హాలు... వంటిల్లు... మోటారు... ఏ తీగ ఎక్కడికి పోతుందో తేలనిదే మేస్త్రీ అతుకు వేసేవాడు కాదు. దిక్కు తెలియని తీగకి ప్రాణం పోయకూడదని పని నేర్పిన గురువు మరీమరీ చెప్పాడు.

ఎనిమిది తీగలకి దిక్కు తెలిసింది. తొమ్మిదోదానికి తెలియలేదు. దాని ఒక కొస వెనక గది వైపు పోయింది. రెండో కొస పక్కగోడలోకి పోయింది. ఆ గోడ అవతల ఈ ఇంటికి ఇంకో గదే లేదు.

అప్పటికి బాగా చీకటి పడింది. తలకి కట్టుకున్న టార్చి వెలుతురు ఎటు తిరిగితే అటు గోడ మీద గుండ్రంగా పడుతోంది, మిగతా ఇల్లంతా కటిక చీకటి. సుత్తి కింద పెట్టినా ఆ చప్పుడు గదులన్నీ తిరిగొస్తోంది.

సరే, ఈ తీగని వదిలేద్దాం అనుకున్నాడు. రెండు కొసలకీ టేపు చుట్టి పక్కకి నెట్టేద్దామని ఒక కొస పట్టుకున్నాడు...

కొట్టింది!

చెయ్యి మోచేతి దాకా జివ్వుమంది. రెండడుగులు వెనక్కి పడి గోడకి గుద్దుకున్నాడు. కరెంటు లేని ఇంట్లో... కరెంటు! టెస్టరు తీసి పెట్టాడు. ఎర్రగా వెలిగింది. మధ్యాహ్నం చచ్చి పడున్న తీగే ఇది. చూస్తుండగానే టెస్టరు ఆరింది. మళ్లీ వెలిగింది. మళ్లీ ఆరింది.

ఎవరో... అవతల నుంచి తలుపు కొడుతున్నట్టుంది.

వాచీ చూసుకున్నాడు. తొమ్మిదీ మూడు.

ఇంకొకడైతే పనిముట్లు అక్కడే పారేసి పరుగు లంకించుకునేవాడు. మేస్త్రీకీ కాళ్లు అటే లాగాయి. కానీ ఇంటికెళ్లి ఏం చేస్తాడు? అక్కడా చీకటి గదే కదా. టెస్టరు ఆరి ఉన్న క్షణం చూసి, గురువు మాట పక్కన పెట్టి, ఈ తీగ దేన్ని వెలిగిస్తుందో చూద్దామని చేతికందిన తీగముక్కతో ఆ రెండు కొసల్నీ గబగబా కలిపేశాడు.

వెనక గది తలుపు సందులోంచి పసుప్పచ్చని వెలుతురు జారింది.

మెల్లగా వెళ్లి తలుపు తోశాడు. ఎవరూ లేరు. ఇనపమంచం, దాని మీద చుట్టిన పరుపు, పైన దుమ్ముపట్టిన బల్బు. మంచం తలవైపు గోడకి ఒక మీట. మీట పక్కన అంటించిన కాయితం, దాని మీద గుండ్రటి చేతిరాత — 'తొమ్మిదికి వెలగాలి. చూసి ఆర్పాలి.'

ఎవరికి చెప్పినట్టు ఆ మాట? చదివింది మాత్రం తనే. కాదంటే ఏమవుతుందోనని భయం వేసి మీట నొక్కాడు. బల్బు ఆరింది.

ఒకటి... రెండు... మూడు...

బల్బు వెలిగింది. మీట అతని వేలి కిందే ఉంది, కదల్లేదు.

మళ్లీ ఆర్పాడు. మళ్లీ వెలిగింది, ఈసారి ఇంకా త్వరగా. మూడోసారి ఆర్పి, వెలిగేదాకా ఆగలేక పెరటి తలుపు తీసుకుని బయటపడ్డాడు.

బయట గాలి తగలగానే మేస్త్రీకి కాస్త బుర్ర పనిచేసింది. టార్చి ఎత్తి ఆ పక్కగోడ చూశాడు. గోడలోంచి ఒక తీగ బయటికొచ్చి, సన్నటి గొట్టంలో దూరి, ప్రహరీ మీదుగా పక్కింట్లోకి పోయింది. పక్కిల్లు టైలరుది. ముసలాయన, ఒంటరివాడు, బొత్తిగా చెవుడు. బట్టలిచ్చేవాళ్లు కొలతలు కాయితం మీద రాసిచ్చి పోయేవాళ్లు. వీధిలో ఇంత పుకారు నడుస్తున్నా ఆయన చెవిన వేసినవాళ్లు లేరు. ఆయనతో మాట్లాడాలంటే అరవాలి, అంత ఓపిక ఎవరికుంది?

కిటికీలోంచి చూశాడు. టైలరు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన గదిలోనూ ఒక బల్బు, పక్కన ఒక మీట. మెట్ల దగ్గర కిందొకటి, పైనొకటి మీటలు పెడతారే, అదే పద్ధతి. ఎవరు ఎక్కడ నొక్కినా రెండిళ్లలో బల్బులూ ఒకేసారి వెలుగుతాయి, ఒకేసారి ఆరిపోతాయి. ఆ తీగ ఫ్యూజు నర్సమ్మ ఇంటి పెట్టెలో ఉండేదే గానీ, కరెంటు మాత్రం టైలరు ఇంటిది.

ఓహో, ఇదా నీ దెయ్యం! మేస్త్రీకి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు వచ్చినట్టే ఆగిపోయింది.

టైలరు ఏడుస్తున్నాడు. వెలుగుతున్న బల్బు వైపు చూస్తూ, తన గొంతు తనకే వినిపించని మనిషి కదా, గుసగుసలాడుతున్నాననుకుంటూ గట్టిగానే అంటున్నాడు.

"అక్కా... రెండేళ్ల నించీ వేస్తూనే ఉన్నా... ఒక్కనాడూ ఆర్పలేదు నువ్వు. ఇవాళ... ఆర్పావు కదూ?"

మేస్త్రీకి మొత్తం అర్థమైంది. పిలిస్తే వినపడదు, తలుపు కొడితే వినపడదు. అందుకని నర్సమ్మ పెట్టిన ఏర్పాటు ఇది. తొమ్మిదికి ఆయన వెలిగిస్తే, క్షేమంగా ఉన్నట్టు. ఈవిడ ఆర్పితే, చూశానని. ఆవిడ పోయినా ఆయన మానలేదు. ఆర్పే దిక్కులేక బల్బు తెల్లవార్లూ వెలుగుతూ ఉండేది, తెల్లారాక ఆయనే ఆర్పుకునేవాడు.

ఇప్పుడెళ్లి "తాతా, ఆర్పింది నేను" అని కాయితం మీద రాసి చూపించాలా? మేస్త్రీకి ఆ పని చేసే గుండె లేకపోయింది. పిల్లిలా నడిచి వెనక గదికొచ్చి, చివరిసారి మీట కిందికి నొక్కాడు. ఈసారి బల్బు మళ్లీ వెలగలేదు. టైలరు పడుకున్నట్టున్నాడు.

ఆ తీగముక్క తీసేసి, తొమ్మిదో తీగకి సరైన అతుకు వేశాడు. కొత్త పెట్టెతో సంబంధం లేకుండా దానికి వేరే చిన్న డబ్బా బిగించాడు. చీటీ మీద 'టైలరు తాత' అని రాశాడు.

తెల్లారి కరెంటొచ్చింది. పని పూర్తయినట్టే. కానీ మేస్త్రీకి రోజంతా ఒకటే బెంగ. చేజేతులా ఆశపెట్టాడు. ఈ రాత్రి ఎవరూ ఆర్పకపోతే ఆ ముసలాయన ఏమైపోతాడు? రెండేళ్లు ఓర్చుకున్న మనిషే, నిజమే. కానీ ఇవాళ ఓర్చుకోలేడు. మేనకోడలు వచ్చాక ఆవిడకి చెబుదాం, ఆదివారం దాకా తనే వెళ్లి ఆర్పుదాం అనుకున్నాడు. తాళంచెవి ఇంకా తన దగ్గరే ఉంది.

తీరా ఆ సాయంత్రం ఎవరిదో మోటారు మొరాయించింది. తెమిలేసరికి తొమ్మిదికి అయిదు నిమిషాలు. సైకిలు తొక్కాడో, ఎగిరాడో... గేటు దగ్గరికొచ్చేసరికి తొమ్మిదీ పది. వెనక గది వెలుగుతోంది. పక్కింటి కిటికీలో టైలరు రెండు చేతులతో ఊచలు పట్టుకుని ఆ వెలుతురుకేసే చూస్తున్నాడు.

"వస్తున్నా తాతా, వస్తున్నా..." అంటూ మేస్త్రీ తాళంలో చెవి దూర్చాడు.

బల్బు ఆరింది.

టైలరు చేతులు ఊచల మీదే ఉన్నాయి.

"సరే అక్కా... పడుకుంటా" అని ఆయన కిటికీ వేసుకున్నాడు.

మేస్త్రీ ఇంకా గుమ్మం బయటే ఉన్నాడు. అతుకు వదులైందేమో! బతుకులో మొదటిసారి తన పని చెడిపోయుంటే బాగుండుననుకున్నాడు. తాళం తీసి, లోపలికెళ్లి, చిన్న డబ్బా విప్పి తీగని లాగి చూశాడు. ఇసుమంతైనా కదల్లేదు. వెనక గదిలోకి నడిచాడు. టార్చి వేశాడు. నిన్న తను కిందికి నొక్కిన మీట... పైకి ఉంది.

పారిపోవలసిన మనిషి పారిపోలేదు. భయం వేసింది, అబద్ధం చెప్పనక్కర్లేదు. కానీ భయాన్ని మించి అసూయ వేసింది. చచ్చాక కూడా చూసి పలికే మనిషుంది ఆ టైలరుకి. తనకి బతికున్నవాళ్లలోనే లేరు. వెళ్లి ఆ ఇనపమంచం అంచు మీద కూర్చున్నాడు. టార్చి ఆర్పేశాడు.

"అమ్మా..." అన్నాడు చీకట్లోకి. "నేనూ ఒక్కణ్ణే ఉంటాను. రాత్రి ఇంటికి చేరానో లేదో... అడిగేవాళ్లు లేరు."

వెర్రివాడిలా ఎవరితో మాట్లాడుతున్నానని సిగ్గేసి, లేవబోయాడు.

కిర్రుమంది మంచం. అతనికి జానెడు దూరంలో, ఎవరో వచ్చి కూర్చున్నట్టు, మెల్లగా ఆ పక్క కుంగింది.

మేస్త్రీ లేవలేదు. ఆ రోజు ఏయే ఇళ్లలో పనిచేశాడో, మోటారు ఎందుకు మొరాయించిందో, ఏం తిన్నాడో అన్నీ ఆ చీకట్లో వరసగా చెప్పుకుంటూ కూర్చున్నాడు.