ఎవరి పేరు పలకాలి?

"మిట్రో భార్యవి నువ్వేనా అమ్మా?"

గుమ్మంలో నిలబడిన మనిషి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అది చూడగానే హాఫియా వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది! ఉక్కు మిల్లు నుంచి వచ్చిన మనిషి టోపీ తీశాడంటే ఆ ఇల్లు గొల్లుమనబోతోందని మా వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. వచ్చినవాడు మిల్లు దుబాసీ హ్రిట్స్. మాట్లాడేది వలస వచ్చిన మన రుసిన్ వాళ్ళ భాషే, కానీ కాపురం నది అవతల, తినేది మిల్లు కూడు.

"ధైర్యం తెచ్చుకో తల్లీ... కరిగిన ఇనుము మోసే గంగాళం ఒరిగింది. నీ పెనిమిటి... పోయాడమ్మా! పెట్టె మూసే పంపిస్తారు. తెరవొద్దు. తెరిచి చూడాల్సింది ఏమీ లేదు."

అప్పుడే చర్చి నుంచి వచ్చి తలగుడ్డ విప్పుకుంటున్న అత్తగారు ఎవ్‌కా "అయ్యో నా కొడుకా!" అని నేలమీద కూలబడింది. గుండెలు బాదుకుంది, జుట్టు పీక్కుంది. హాఫియా మాత్రం గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయింది. కంట నీటిచుక్క లేదు! పాపం షాక్ తిన్నది కాబోలనుకుని దుబాసీ తలవంచుకుని వెళ్ళిపోయాడు.

అడుగుల చప్పుడు దూరమయ్యాక హాఫియా పెదవులు కదిలాయి.

"అత్తయ్యా... ఏడవకండి. మీ అబ్బాయి పైన గదిలో ఉన్నాడు."

"ఏమిటే నువ్వనేది? పిచ్చెక్కిందా?"

"జ్వరం అత్తయ్యా... పొద్దున లేవలేకపోయాడు. మీరు అప్పటికే చర్చికి వెళ్ళిపోయారు. ఆయన బదులు... మా తమ్ముడు ఓనుఫ్రీ వెళ్ళాడు."

ఎవ్‌కా మెట్లు ఎలా ఎక్కిందో ఆవిడకే తెలియదు! మంచం మీద ఒళ్ళు కాలిపోతూ మూలుగుతున్న కొడుకుని తడిమి తడిమి చూసుకుంది. "ఉన్నాడు! దేవుడా, నా బిడ్డ ఉన్నాడు! నీకు వెయ్యి దణ్ణాలు తండ్రీ!" అని వాడి నుదురు, చేతులు, పాదాలు ముద్దుపెట్టుకుంది. ఆ సంతోషం మెట్ల మీద నిలబడి వింటున్న హాఫియా కడుపులో కత్తిలా దిగింది. మీ బిడ్డ ఉన్నాడు అత్తయ్యా... మరి మా అమ్మ బిడ్డో? అప్పుడు ఏడ్చింది హాఫియా. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది!

ఎలా మర్చిపోతుంది ఆ పొద్దుట సంగతి? పగటి జట్టు రాత్రికీ, రాత్రి జట్టు పగటికీ మారే ఆదివారం అది. ఆ రోజు ఎక్కిన జట్టు మర్నాటి పొద్దుటి దాకా దిగడానికి వీల్లేదు. పొడుగు డ్యూటీ అంటారు దాన్ని. దానికి రానివాడి ఇత్తడి బిళ్ళ, అంటే మనిషికి గుర్తుగా మిల్లు ఇచ్చే నంబరు బిళ్ళ, మర్నాడు గేటు దగ్గర చెల్లదు. బిళ్ళ చెల్లకపోతే పని లేదు, పని లేకపోతే మిల్లువాళ్ళ ఇల్లూ లేదు! ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని ఎక్కడికి పోవాలి? ఊరి నుంచి కొత్తగా వచ్చి ఇంకా పని దొరకని తమ్ముడి చేతిలో ఆ బిళ్ళ పెట్టింది హాఫియాయే. మొగుడు ఒళ్ళెరగని జ్వరంలో ఉన్నాడు, ఆయనకి చెప్పను కూడా లేదు.

"పట్టేస్తారేమోరా..." అంటే వాడు పకపకా నవ్వాడు.

"ఫోర్‌మన్‌కి మనందరిదీ ఒకటే మొహం అక్కా! నేను బావకంటే అందగాణ్ణని వాడు కనిపెట్టేలోపు డ్యూటీ అయిపోతుంది. రేపొచ్చేసరికి క్యాబేజీ చుట్టలు వండిపెట్టు చాలు. లెక్కపెట్టకుండా వడ్డించాలి సుమా!"

ఆ నవ్వే ఆఖరి నవ్వవుతుందని ఎవరనుకున్నారు! మిల్లుకి మనిషి అక్కర్లేదు, బిళ్ళ చాలు. బిళ్ళ ఎవరిదైతే చచ్చినవాడు వాడే.

మర్నాటికి మిట్రోకి జ్వరం తగ్గి తెలివొచ్చింది. సంగతి విని చొక్కా వేసుకుని లేచాడు. "నేను మిల్లుకి పోతాను. బతికున్నది నేను, పోయింది నా బావమరిది అని చెప్పొస్తాను."

ఎవ్‌కా గుమ్మానికి అడ్డంగా పడుకుంది! "నన్ను తొక్కుకుంటూ వెళ్ళు! బిళ్ళ మార్చారని తెలిస్తే ఈ నది పొడుగునా ఏ మిల్లూ నిన్ను గడప తొక్కనివ్వదు. పిల్లల్ని వీధిలో పడుకోబెడతావా? మిట్రో పోయాడనే ఉండనీ. ఇవాళ్టి నుంచి నువ్వు ఓనుఫ్రీవి! ఆ పేరుతో కొత్త బిళ్ళ తెచ్చుకో. మనవాళ్ళెవరూ నోరెత్తరు."

"అమ్మా, నోటికెంతొస్తే అంతేనా! అది వాడి అక్క!"

"అది నా మనవల తల్లి కూడా! ఏమే హాఫియా, నువ్వే చెప్పు. దేవుడికి మాత్రం తెలీదా పోయినవాడెవడో?"

హాఫియా కళ్ళు పిల్లల మీద పడ్డాయి. చిన్నది పాలగిన్నె నాకుతోంది... హాఫియా తల ఊపింది. మిట్రో మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఇక్కడే ఒక చిక్కుంది. మన చర్చిలో చావుపాట ఊరికే పాడరు, మనిషి పేరు పెట్టి పాడతారు. 'దేవుని సేవకుడు ఫలానా, నిత్య స్మృతి' అని అందరూ గొంతు కలపాలి. పేరు పలకని ఆత్మ గుమ్మంలోనే నిలబడిపోతుందని మన ముసలమ్మలు వణికిపోతారు. ఇక బతికున్నవాడి పేరు పెట్టి ఆ పాట పాడితే! ఏడాది తిరక్కుండా వాణ్ణి నిజంగా పిలుచుకుపోతుందని భయం.

పాదిరీగారు ఇంటికొచ్చి అంతా విన్నారు. "నా నోటితో నేను ఎంచను తల్లీ. శవపేటిక పక్కన నిలబడి నువ్వే చెప్పు. నువ్వు చెప్పిన పేరే పాడతాను. ఆ బరువు నీది."

మంగళవారం పొద్దున చర్చి నిండిపోయింది. నిజం తెలియనివాడు అక్కడ ఒక్కడే, మిల్లు తరఫున పూలదండ తెచ్చి వెనక నిలబడిన దుబాసీ! మూసిన పెట్టె చుట్టూ కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. బావమరిది పేరు మోస్తూ, చచ్చినవాడికంటే పాలిపోయి నిలబడ్డాడు మిట్రో. పాదిరీగారు పాట అందుకున్నారు. "దేవుని సేవకుడు..." అని ఆగి హాఫియా వైపు చూశారు.

హాఫియా పెట్టె మీద చెయ్యి వేసింది. 'నాన్నా ఓనుఫ్రీ, ఈ పాపిష్టి అక్కని క్షమించరా... నీ ప్రాణం తీసుకున్నాను, ఇప్పుడు పేరు కూడా తీసుకుంటున్నాను. ఈ పిల్లల కోసంరా!' అనుకుంది. కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

"మి..."

ఠక్కున ఒక చెయ్యి ఆమె నోరు మూసేసింది!

ఎవ్‌కా!

"వద్దే! అనకే తల్లీ! నా కొడుకు పేరు ఆ పాటలో వినలేను! వాడు నా కళ్ళముందు నిలబడి ఉన్నాడు... నీ తమ్ముడు పెట్టెలో ఉన్నాడు... అయినా నా మనవల కోసం నువ్వు నోరు తెరిచావా! నా కడుపు మాత్రమే కడుపనుకున్నాను, దిక్కుమాలినదాన్ని!" కోడల్ని గుండెకి హత్తుకుని చర్చి దద్దరిల్లేలా అరిచింది. "వినండయ్యా! పోయినవాడు ఓనుఫ్రీ! నా కోడలి తమ్ముడు! నా కొడుకు బిళ్ళ పట్టుకెళ్ళి, నా కొడుకు చావు వాడు చచ్చాడు! పాడండి పాదిరీగారూ, వాడి పేరే పాడండి!"

వెనక దుబాసీ పూలదండ కింద పెట్టి, టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. ఎక్కడికి వెళ్తున్నాడో అందరికీ తెలుసు. ఎవరూ ఆపలేదు.

"దేవుని సేవకుడు ఓనుఫ్రీ!" అన్నారు పాదిరీగారు. గంగాళాలు మోసేవాళ్ళు, బొగ్గు తోడేవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు ఒక్క గొంతుతో అందుకున్నారు. "నిత్య స్మృతి! నిత్య స్మృతి!" మిట్రో పెట్టె మీద పడి చంటివాడిలా ఏడ్చాడు. హాఫియా గొంతు మొదట రాలేదు... వచ్చాక ఆగలేదు.

ఆ వారంలోనే ఇల్లు ఖాళీ చేయించారు. కొండల్లో బొగ్గు గనివాళ్ళు మనుషుల్ని తీసుకుంటున్నారని విని మూటలు బండికెక్కించారు. గని బతుకు ఇంతకంటే మెరుగని ఎవరూ అనుకోలేదు. చిన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎవ్‌కా కోడలి పక్కన కూర్చుంది. చాలా దూరం వెళ్ళాక హాఫియా నెమ్మదిగా అడిగింది.

"ఊళ్ళో మా అమ్మ అడిగితే ఏం చెప్పను అత్తయ్యా?"

ఎవ్‌కా ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"వాడి పేరుతోనే సాగనంపామని చెప్పు బిడ్డా."