ఏడు హార్ట్ గుర్తులు

వచ్చినవాడి కుడిచేతి రెండు వేళ్ళకు కట్టు ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా బావ చెవి నేనే పోగొట్టానంటున్నారండీ. ఆయన శిష్యుడు నా వేళ్ళు తలుపు సందులో పెట్టి మూశాడు. ఇక ఏ స్టేజీ దగ్గరికీ నన్ను రానివ్వరు. నాకు ఇంకో పని రాదు."

టీచరమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. బడి మానేసి డిటెక్టివు పని పెట్టుకుని పదేళ్ళయినా ఆ పేరు ఆమెను వదల్లేదు. ఆమె అసిస్టెంటు ఒకప్పుడు ఆమె దగ్గర లెక్కలు తప్పి చీవాట్లు తిన్నవాడే. ఇప్పుడు బట్టతల వచ్చినా ఆమె ముందు ఇంకా చేతులు కట్టుకునే నిలబడతాడు. అతను నోటుపుస్తకం తెరిచాడు.

సంగతి ఇదీ. బావ పేరున్న గిటారిస్టు. ఒక చెవి ఎప్పుడో పోయింది, రెండోదాంతోనే నెట్టుకొస్తున్నాడు. గిటారు మోత పెంచే బరువైన యాంప్‌లు మోయలేని వయసు వచ్చిందని, బావమరిదిగా ఇతనే ఒక మోడలర్ కొనిపెట్టాడు. బీరువాలంత యాంప్‌ల గొంతులన్నీ చెప్పుల పెట్టెంత డబ్బాలో పలుకుతాయి. కంపెనీవాళ్ళు సిద్ధం చేసి ఇచ్చిన ధ్వనులే రెండు వందలు. వాటిని ప్రీసెట్లంటారు. అవి కాక, కాలితో నొక్కే నాలుగు బటన్లకు నాలుగు ధ్వనులు బావమరిది స్వయంగా కూర్చాడు. ఉన్న ఒక్క చెవీ పదిలంగా ఉండాలని నాలుగూ మెత్తగా చేసి, హెడ్‌ఫోన్‌లో మోత పెంచే గుండీ మాత్రం నిండా తిప్పి ఉంచాడు. ఆరు నెలల టూరుకు బయల్దేరే ముందురోజు పొద్దున బావ హెడ్‌ఫోన్ పెట్టుకుని మూడో బటన్ నొక్కాడు. అక్కడ ఎవరో కంపెనీ ప్రీసెట్ పెట్టి ఉంచారు, స్టేజీ దద్దరిల్లించేది. మిగిలిన చెవి కాస్తా పోయింది.

"ఆ డబ్బాలో వేలుపెట్టేది నేనొక్కణ్ణే. ఇంకెవర్ని అనుమానిస్తారండీ?" అన్నాడు.

బావగారింటికి వెళ్ళేసరికి ఆ పెద్దాయన, ఎదుటివాళ్ళు రాసి చూపించే పలక ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. భార్య ఆపిల్ ముక్కలు కోసి ఒక్కొక్కటే నోటికి అందిస్తోంది. సర్దిన సూట్‌కేసు గోడవారగా అలాగే ఉంది. ఆ డబ్బా గురించి తనకేమీ తెలియదనీ, రేడియో తిప్పడమే సరిగ్గా రాదనీ ఆవిడ చెప్పింది. చెబుతూ ముక్క అందించడం ఆపలేదు.

శిష్యుడు రోజూ సొంత గిటారు భుజాన వేసుకుని పాఠానికి వచ్చే మనిషి. బావమరిదికి వాయించడం వచ్చా అని టీచరమ్మ అడిగితే మూతి విరిచాడు.

"వస్తుందండీ, వినేవాళ్ళకే కష్టం."

"ఆ పొద్దున మీ గురువుగారి గిటారు ఎక్కడుంది?"

"దాని పెట్టెలోనే. తాళం కూడా తియ్యలేదు. ముందు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ధ్వని ఎంచుకుని, ఆ తర్వాతే గిటారు తియ్యడం ఆయన అలవాటు."

అసిస్టెంటు అది రాసుకున్నాడు గాని అందులోని కీలకం పట్టుకోలేదు. టీచరమ్మ మాత్రం డబ్బా ముందు చతికిలబడి, ప్రీసెట్ మార్చడమెలాగో చూపించమంది. తెర మీద కావలసినదాన్ని వేలితో లాగి బటన్ గుర్తు మీద వదలడమేనన్నాడు వెంట వచ్చిన బావమరిది. చంటిపిల్ల కూడా చేస్తుందని అక్కకూ ఒకసారి చూపించాడట, ఆవిడ నవ్వి వెళ్ళిపోయిందట. గిటారు చేతిలో లేకపోయినా ధ్వనులు పోల్చి చూసుకోవచ్చని, బావ వాయించిన చిన్న ముక్క ఒకటి రికార్డు చేసి అందులో దాచాడు, ఆపేదాకా అది మళ్ళీమళ్ళీ మోగుతూనే ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో అక్క కోసం కట్టిన పాట అది. తెర మీద ఏడు ప్రీసెట్ల పక్కన హార్ట్ గుర్తులు కనబడ్డాయి. నచ్చినవి మళ్ళీ వెతుక్కోకుండా పెట్టుకునే గుర్తులవి. వాటిని తాను పెట్టలేదన్నాడు.

సాయంత్రం టీచరమ్మ అందరినీ ఆ గదిలోనే కూర్చోబెట్టింది.

"గిటారు తాళంలో ఉంది. తీగ మీద చెయ్యి పడలేదు. అయినా డబ్బా మోగింది. అంటే మోగింది దాచిపెట్టిన ముక్క. ఎవరో దాన్ని తిప్పుతూ ప్రీసెట్లు విన్నారు, ఆపడం మరిచారు. శిష్యుడికి చేతిలో సొంత గిటారుంది, దాచిన ముక్కతో పని లేదు. బావమరిదికి అసలు వెతుకులాటే అక్కర్లేదు, తాను కూర్చిన ధ్వనిలో మోత అంకె ఒక్కటి పెంచితే చాలు. రెండు వందలూ ఒక్కొక్కటే విని, ఏడింటికి గుర్తులు పెట్టి, ఆ ఏడింట్లో చెవి చిల్లులు పొడిచేదాన్ని ఏరుకున్న మనిషికి డబ్బా లోపలి సంగతి తెలియదు, వాయించడమూ రాదు. ఈ ఇంట్లో అలాంటివారు ఒక్కరే."

భార్య ఆపిల్ తొక్కలు పళ్ళెంలోకి ఎత్తుకుంది.

"ముప్పై ఏళ్ళు, టూరుకు వెళ్ళినప్పుడల్లా ఆ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపానమ్మా. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. ఇప్పుడు నేను గది దాటితే చాలు, తల తిప్పి వెతుక్కుంటున్నాడు."

"నా వేళ్ళు నలుగుతుంటే చూస్తూ నిలబడ్డావా అక్కా?"

"నువ్వూ వెళ్ళేవాడివే కదరా, ఆయనతోపాటు."

టీచరమ్మ పలక తీసుకుని, ఎవరు చేశారో రాసి పెద్దాయన ముందుంచింది. బావమరిది ఆయన మోకాలి దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఆ ముసలి నోటి నుంచి ఒక్క మాట వస్తే అతని పని అతనికి దక్కుతుంది. గదిలో అందరికీ అది తెలుసు.

ఆయన చాలాసేపు చదివాడు. అరచేత్తో పలక తుడిచేశాడు. తన గొంతు తనకు వినబడని మనిషి కనక, గది అదిరేలా మాట్లాడాడు.

"ఆ డబ్బాను అంత తేలిక చేసిపెట్టింది నువ్వే కదరా. మీ అక్క చేతికి నేర్పిందీ నువ్వే. నీ డబ్బా తీసుకుని పో."

బావమరిది కట్టున్న చేత్తోనే డబ్బా ఎత్తుకున్నాడు. అసిస్టెంటు సాయం పట్టబోతే వద్దని తల ఊపాడు. అతను గుమ్మం దాటేవేళకు పెద్దాయన మొహం భార్య వైపు తిప్పి, నోరు తెరిచి ఉన్నాడు. ఆవిడ ఇంకో ఆపిల్ కోస్తోంది.