అలిగిన కుందేళ్ళు

గుడ్డబొమ్మల ఫ్యాక్టరీలో కుందేళ్ళన్నీ ముఖం లేకుండానే పుడతాయి. కత్తిరింపు గదిలో ఒళ్ళు, కుట్టుమిషన్ల దగ్గర చెవులు, దూది గదిలో పొట్ట. ఇవన్నీ అయ్యాక ముఖాల బల్ల దగ్గరికి వచ్చి, బోసిగా, ఎవరో పిలిస్తే వచ్చినట్టు కూర్చుంటాయి. అక్కడ ఒక అమ్మాయి సూదీ దారం పట్టుకుని వాటికి కళ్ళూ ముక్కూ నోరూ పెడుతుంది. అందరూ ఆ పిల్లను చూపులమ్మాయి అనేవారు. కళ్ళు ఎవరైనా కుడతారు, చూపు కుట్టడం ఆ పిల్లకే వచ్చు మరి.

ఆ చూపే కొంప ముంచింది.

చెకింగ్ పనికి కొత్తగా చేరిన అబ్బాయి మొదటిరోజే ఒక కుందేలును చెవులు పట్టుకుని ఆ బల్ల దగ్గరికి మోసుకొచ్చాడు. రెండో చేతిలో ఒక అట్ట. దానికి పైన మూడు చిల్లులు, కింద ఒక సన్నటి చీలిక. బొమ్మ ముఖం మీద పెడితే కళ్ళూ ముక్కూ ఆ చిల్లుల్లో కనబడాలి, నోరు చీలికలో పడాలి. పడకపోతే ఆ బొమ్మ పనికిరానట్టే.

"దీని కన్ను పక్కకు పోయిందండీ," అన్నాడు.

"పోలేదండీ. పక్కకు చూస్తోంది."

"ఎందుకు చూస్తోంది?"

"కొత్తగా ఎవరో వచ్చారు కదా, ఎవరా అని."

పక్కన పొట్టలు నింపుతున్న దూది అక్క గుప్పెడు దూది మూతికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అబ్బాయికీ నవ్వొచ్చింది పాపం. కానీ కొత్త ఉద్యోగం, నవ్వితే అలుసైపోతానని పెదవులు బిగపట్టి, బొమ్మను తిరస్కరించి వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా అతనికి అట్టబ్బాయి అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది ఎవరో చెప్పక్కర్లేదు.

ఈ అట్ట అతని సొంత తెలివి కాదు, ఫ్యాక్టరీ నడిపే మేడమ్‌ది. ఎప్పుడో ఒక కొట్లో ఇద్దరు పిల్లలు ఒకే కుందేలు కోసం జుట్లు పట్టుకున్నారట. పక్కన అలాంటివి ఇంకెన్నో ఉన్నా, దాని ముఖమే ముద్దుగా ఉందని ఇద్దరికీ అదే కావాల్సొచ్చిందట. కొట్టువాడు విసుగెత్తి సరుకంతా తిప్పి పంపాడు. అప్పట్నుంచి అన్ని ముఖాలూ ఒక్కలాగే ఉండాలని మేడమ్ హుకుం.

తిరస్కరించిన బొమ్మల కుట్లు విప్పేసి, బోసిగా చేసి, మళ్ళీ బల్ల మీదికి పంపడం కూడా చెకింగ్ వాళ్ళ పనే. అబ్బాయి చిన్న కత్తెర తీసుకుని కూర్చున్నాడు. కుందేలు పక్కకు చూస్తూనే ఉంది. అతను అటు జరిగితే, అది ఇప్పుడు తననే చూస్తున్నట్టు అనిపించింది. చూసే కళ్ళల్లో కత్తెర పెట్టడానికి ఎవరికైనా చేతులెలా వస్తాయి. అటూ ఇటూ చూసి, దాన్ని సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోయాడు. కుట్లు విప్పుతుంటే గుడ్డ చిరిగిందని మర్నాడు అబద్ధమాడాడు.

ఆ అబద్ధం అలవాటైపోయింది.

ఎందుకంటే చూపులమ్మాయి ఊరుకునే రకం కాదు. పొద్దున కాసేపు బుద్ధిగా అట్ట ప్రకారం కుట్టేది. ఎండ బల్ల మీదికి వచ్చేసరికి చేతులు దురద పెట్టేవి. తుమ్మబోయి ఆగిన కుందేలు ఒకటి, ఎవరిదో గుట్టు విని కడుపులో దాచుకోలేక ఉబ్బిపోతున్నది ఇంకొకటి. కొట్లాటలో గెలిచి ఓడిపోయినట్టు నటిస్తున్నదొకటి. రెండు కుట్లు అటూ ఇటూ జరిపి ఇవన్నీ ఎలా తెచ్చేదో ఆ పిల్లకే తెలియదు. అబ్బాయి ప్రతిదాన్నీ అట్టతో కొలిచి, తల అడ్డంగా ఊపి, సంచిలో వేసుకునేవాడు.

ఒకరోజు ఇలాగే బుట్ట తిరగేస్తే ఒకటి కనుబొమలు ముడుచుకుని, మూతి బిగించుకుని, లోకమంతా తనకు బాకీ ఉన్నట్టు చూస్తోంది. దూది అక్క దాన్ని తీసి అబ్బాయి చెంప పక్కన పెట్టింది.

"తమ్ముడూ, మీరు కవలలని ఒక్కమాటైనా చెప్పలేదే," అంది.

ముఖాల బల్లంతా నవ్వులతో ఊగిపోయింది. చూపులమ్మాయి మాత్రం తల ఎత్తకుండా, ఏమీ ఎరగనట్టు, సూదిలో దారం ఎక్కించుకుంది. అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. ఆ కుందేలును అన్నిటికంటే గట్టిగా తిరస్కరించాడు. అన్నిటికంటే జాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్ళాడు కూడా.

ఇంట్లో అమ్మ ఉంది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. థర్మామీటరు పెట్టకముందే ముఖం చూసి జ్వరం చెప్పగలదు. కొడుకు గదిలో అరమీద కుందేళ్ళు వరసగా చేరుతుంటే మొదట్లో ఏమీ అడగలేదు. రోజూ దుమ్ము దులుపుతూ వాటిని చూసేది, అంతే. ఒకరోజు టీ గ్లాసు చేతికిస్తూ, ఇవన్నీ కుట్టింది ఒక్క మనిషేనా అని అడిగింది. అవునన్నాడు.

"మంచి పిల్లరా. మొన్న సంతోషంగా ఉంది. నిన్న ఎందుకో ఒళ్ళు మండింది." కవల కుందేలును చేతిలోకి తీసుకుని, దాన్నీ కొడుకునీ మార్చి మార్చి చూసింది. "ఇంతలా నీ ముఖం పట్టేయాలంటే నిన్ను చాలాసేపే చూసి ఉండాలి."

అబ్బాయి టీ ఒలకబోసుకున్నాడు.

ఆ రాత్రంతా అతనికి ఆ మాటే. చాలాసేపు చూసి ఉండాలి. తను బుట్ట దగ్గర ఉన్నప్పుడు చూసిందా, మెట్ల మీద నిలబడి టీ తాగేటప్పుడా? మర్నాడు జుట్టు దువ్వుకుని మరీ వెళ్ళాడు. సరిగ్గా ఆవేళే మేడమ్ పిలిచి, ఇన్ని బొమ్మలు ఎందుకు చిరుగుతున్నాయని నిలదీసింది. మనవాడు తడబడి, ముఖాలు అట్టకు సరిపోవడం లేదని నోరు జారాడు. చూపులమ్మాయి పేరు ఎత్తనే లేదు. ఎత్తాలా ఏం? ముఖాలంటే ఇంకెవరు? మేడమ్ ఆ అమ్మాయిని పిలిచి, అట్ట ప్రకారం కుడితే కుట్టు, లేకపోతే దారి చూసుకో అని చెప్పి పంపేసింది.

ఆ రోజు నుంచి ఒక్క బొమ్మా తప్పు పోలేదు. కళ్ళు చిల్లుల్లో, నోరు చీలికలో, అన్నీ దిద్దినట్టే ఉన్నాయి. అబ్బాయి బుట్టలకు బుట్టలు పాస్ చేస్తూ కూర్చున్నాడు. చూపులమ్మాయి అతని వంక చూడటం మానేసింది. దూది అక్క కూడా జోకులు మానేసి, ఏదో పగబట్టినట్టు దూది కూరుతోంది.

ఇంటికి ఖాళీ చేతులతో వెళితే, ఇవాళేమీ తేలేదేమని అమ్మ అడిగింది.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా."

"అయితే ఆ పిల్లకు ఒంట్లో బాగాలేదన్నమాట," అంది అమ్మ.

సంగతంతా కక్కించి, ఇది నువ్వు చేసిన పనేనని తేల్చేసింది. వెళ్ళి క్షమించమని అడగరా అంటే, అతనికి నోరు పెగలదట. ఆమెను చూస్తే మాట గొంతులో అడ్డం పడుతుందట. చివరికి ఒక బోసి కుందేలును తెచ్చుకుని, అమ్మ సూదుల పెట్టె ముందేసుకుని, తనే కుట్టడానికి కూర్చున్నాడు. తప్పైపోయింది అని చెప్పే ముఖం కుట్టాలని. వేళ్ళన్నీ పొడుచుకున్నాడు. దారం ముడి పడింది, విప్పాడు, మళ్ళీ పడింది. అమ్మ పక్కన కూర్చుని నవ్వుకుందే తప్ప సాయం పట్టలేదు.

పొద్దున్నే ఆ కుందేలును చూపులమ్మాయి బుట్టలో అన్నిటికంటే పైన పెట్టి, దూరంగా నిలబడి చూశాడు. ఆమె దాన్ని తీసింది. తిప్పి చూసింది, వెనక కుట్లు చూసింది. లేచి తిన్నగా మేడమ్ గదిలోకి వెళ్ళి, శనివారం తర్వాత పనిలోకి రానని చెప్పి వచ్చేసింది.

అబ్బాయి దూది అక్క దగ్గరికి పరుగెత్తాడు. అక్క ముందు ముఖం తిప్పుకుంది, తర్వాత దులిపేసింది. ఈ పిల్ల బదులు కొత్తమ్మాయిని పెట్టుకుంటే పెట్టుకున్నారు, ఆ కొత్తమ్మాయి చేసిన శాంపిల్ తెచ్చి ఈ పిల్ల బుట్టలోనే పెట్టాలా, మనుషులేనా మీరు అంది.

సాయంత్రం వాన పట్టుకుంది. సైకిళ్ళ షెడ్డు కింద చూపులమ్మాయి ఒక్కతే నిలబడి ఉంటే అబ్బాయి అక్కడికి వెళ్ళాడు. వాన కూడా షెడ్డు రేకుల మీద వాళ్ళిద్దరి మాటలూ వినాలని కాస్త నెమ్మదించింది.

"మీ కొత్తమ్మాయికి నా మాటగా ఒకటి చెప్పండి," అందామె, అటు తిరిగే. "దారం అంత గట్టిగా లాగకూడదని. పాపం, ఆ కుందేలుకు పన్ను నొప్పి వచ్చినట్టుంది."

"అది పన్ను నొప్పి కాదండీ."

"మరి?"

"క్షమాపణ."

ఆమె ఇటు తిరిగింది. అతను చేతులు చాపి వేళ్ళు చూపించాడు. కొత్తమ్మాయి ఎవరూ లేదని, కుట్టింది తనేనని, మేడమ్ దగ్గర నోరు జారింది కూడా తనేనని, అడ్డం పడ్డ మాటలన్నీ ఒక్కసారే కక్కేశాడు. ఆమె ఆ వేళ్ళ వంక, ముఖం వంక చూసి అడిగింది.

"కళ్ళు అట్ట పెట్టి కుట్టారా?"

"అవును."

"క్షమాపణ కూడా కొలిచే చెప్పారన్నమాట."

పెదవి చివర నవ్వు మెదిలింది గానీ నిలవలేదు. అతని మీద కోపంతో మానడం లేదంది.

"పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్క ముఖమే కుడుతున్నాను. నిన్న అద్దంలో చూసుకుంటే నన్నూ ఎవరో కొలిచి పాస్ చేసినట్టు అనిపించింది. భయమేసింది. ఫోన్ల కొట్లో కౌంటర్ పని ఉందట. అదీ ఇలాంటిదే కావచ్చు. కానీ అక్కడైతే నాకిష్టమైన పని నా చేత్తోనే పాడు చేసుకోనక్కర్లేదు."

అతను శనివారం దాకా వస్తారు కదా అని మాత్రం అడిగాడు. వస్తానంది. వాన వెలవకముందే తడుస్తూ వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి అరమీది కుందేళ్ళన్నీ కిందికి దించాడు. అమ్మ ఊరెళ్ళేటప్పుడు వాడే పెద్ద సంచి తెచ్చి ఇచ్చింది. ఉద్యోగం పోతే పోనీ, మనిషిని పోనివ్వకు అంది. ఆ పిల్ల ముఖాలన్నీ చూసేశాను, మనిషిని చూడటమొక్కటే మిగిలింది, తొందరగా ఇంటికి తీసుకురా అని కూడా అంది.

మర్నాడు మేడమ్ బల్ల మీద సంచి బోర్లించాడు. ఇవి చిరగలేదని, తనే ఇంటికి మోసుకెళ్ళానని ఉన్నదున్నట్టు చెప్పాడు.

"దీన్ని దొంగతనమంటారు, తెలుసా?"

"తెలుసు మేడమ్."

మేడమ్ తిట్టడం మొదలుపెట్టింది. నమ్మకం గురించి, క్రమశిక్షణ గురించి చాలా చక్కగా తిడుతోంది. మధ్యలో ఎదురుగా ఉన్న కుందేలు మీద కన్ను పడి మాట తప్పిపోయింది. తుమ్మబోయి ఆగింది కదా, అదన్నమాట. ఎప్పుడు తుమ్ముతుందా అని మేడమ్ కాసేపు చూసింది. దాన్ని అటు తిప్పమంది. తిప్పితే, పక్కన గుట్టు దాచుకున్నది ఉబ్బిపోతూ కనబడింది. దాన్నీ తిప్పమని నోరు తెరిచి, తిప్పించకుండానే ఊరుకుంది. కవల కుందేలును మాత్రం చేతిలోకి తీసుకుంది.

"ఇదెవరి పోలిక?"

"నా పోలికే మేడమ్."

ఇద్దరినీ పక్కపక్కన చూసింది. "మూతి ఇంకాస్త బిగించాల్సింది," అంది. తర్వాత నిట్టూర్చి, ఇలాంటివి కొట్లో పెడితే పిల్లలు కొట్టుకుంటారయ్యా అంది.

"కొట్టుకుంటే అమ్మానాన్నలు రెండూ కొంటారు మేడమ్."

మేడమ్ కవల కుందేలును బల్ల మీద పెట్టేసింది. ఆ మాట ఇన్నాళ్ళూ తనకెందుకు తట్టలేదా అని లోలోపల చిరాకు పడినట్టుంది. చివరికి తేల్చింది. కిటికీ పక్క బల్ల చూపులమ్మాయికి. రోజూ మధ్యాహ్నం నుంచి అట్ట లేకుండా తన ఇష్టం వచ్చినట్టు కుట్టుకోవచ్చు. ఈ వానాకాలం అమ్మి చూస్తారు, పోకపోతే మళ్ళీ పాత పద్ధతే. దొంగకు శిక్ష వేరే. ఇకమీదట ముఖాల జోలికి పోకూడదు. ఊడిపోతాయో లేదో చూడటానికి కుందేళ్ళ చెవులు లాగుతూ తిరగాలి.

చూపులమ్మాయికి ఈ సంగతి దూది అక్క చెప్పింది. వినగానే ఎగిరి గంతేస్తుందనుకున్నారు అందరూ. వెయ్యలేదు. ఒక్క వానాకాలమేనా అని అడిగింది, కాసేపు గోళ్ళు చూసుకుంది, తర్వాత తన దారపు కండెలన్నీ ఒళ్ళో పోసుకుని కిటికీ పక్కకు మారింది.

శనివారం మధ్యాహ్నం ఆ బల్ల ముందు కూర్చుంది. ఒళ్ళో బోసి కుందేలు. సూదిలో దారం ఉంది, చెయ్యి కదలదు. ఇన్నాళ్ళూ వద్దన్నందుకు దొంగతనంగా కుట్టిన చెయ్యి, ఇప్పుడు సరేనన్నారు కదా, మొరాయించి కూర్చుంది. గోడ గడియారం వంక చూసింది, కిటికీ వంక చూసింది. అటుగా అబ్బాయి చెవులు లాగుతూ వస్తున్నాడు. ఈ బల్ల దగ్గర కుందేళ్ళ చెవులు అప్పటికే రెండుసార్లు లాగాడు.

"ఇలా ఎదురుగా కూర్చో," అంది. మీరు పోయి నువ్వు వచ్చింది. అబ్బాయి వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసుకుని, కూర్చున్నాడు.

"నాకొక ముఖం కావాలి."

"ఏం ముఖం?"

"ఒకమ్మాయంటే ఇష్టం ఉండి, చెప్పలేక, చెవులు లాగుతూ తిరిగే ముఖం."

అబ్బాయి చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. "అది నేను నిజంగా చెప్పాలనే..."

"ఇప్పుడు చెప్పకు. చెబితే ఆ ముఖం పోతుంది. ముందు కుట్టనీ."

"ఎంతసేపు పడుతుంది?"

"తెలీదు. నాది నెమ్మది పని."

కూర్చున్నాడు పాపం. మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతోంది, మళ్ళీ వస్తోంది. ఆమె ఒక కుట్టు వేసి అతన్ని చూస్తుంది, తలొంచి ఇంకో కుట్టు వేస్తుంది. ఇన్నాళ్ళూ దొంగచాటుగా చూసిన మనిషి ఇప్పుడు పనిమీద చూస్తోంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేరు. దూది గది తలుపు సందులోంచి ఎన్ని కళ్ళు చూస్తున్నాయో వాళ్ళకు తెలియదు. దూది అక్క అక్కడ ఒక కుందేలు పొట్టలో మామూలు కంటే రెండింతలు కూరేసింది.

ఎండ బల్ల మీంచి దిగిపోయేవేళకు చూపులమ్మాయి దారం కొరికి, కుందేలును పక్కన కూర్చోబెట్టింది.

"ఊఁ. ఇప్పుడు చెప్పు."

చెప్పాడు. చిన్నమాటే. పెద్దగా కూడా అనలేదు.

ఆమె విన్నది. తలొంచుకుని, బుట్టలోంచి ఇంకో బోసి కుందేలును తీసి ఒళ్ళో పెట్టుకుంది. సూదిలో కొత్త దారం ఎక్కించి అతని వంక చూసింది.

"కదలకు," అంది. "ఇప్పుడు ఈ ముఖం కావాలి."