ఫిబ్రవరి ఇరవై, 1347

“ఇంజనీర్ బ్రందానీని ఎత్తుకుపోయారు. మధ్యాహ్నంలోగా దేశం దాటిస్తారు. దాటితే శవం కూడా దొరకదు,” అన్నాడు కర్నల్ నెర్లీ. “ఎక్కణ్ణుంచి దాటిస్తారో ఫియమ్మెట్టా కనిపెట్టింది. కానీ కోడ్‌లో ఉంది.”

ఫియమ్మెట్టా ఆ విదేశీ ముఠాలో తిరుగుతున్న మన డబుల్ ఏజెంట్. ఆమె లిప్‌స్టిక్ ట్రాన్స్‌మిటర్ పంపింది ఒక్క తేదీ: ఫిబ్రవరి 20, 1347. ముఠా పద్ధతి అదే. ఫ్లోరెన్సు పాత దస్తావేజులన్నీ స్కానై నెట్‌లో ఉన్నాయి. ఆ తేదీ వేసి ఉన్న దస్తావేజులో ఏ చోటి పేరుంటే అదే రహస్య స్థలం.

ఏజెంట్ కోర్సో బాల్దేసి మధ్యయుగాల చరిత్ర చదివినవాడు. ఆ సంగతి ఎవరినీ మరిచిపోనివ్వడు కూడా. సైటులో తేదీ కొట్టాడు. రొవెజ్జానోలో ఏటి ఒడ్డున పిండిమర అమ్మకం.

“లాటిన్ వస్తే చాలు సార్, పిల్లలాట.”

స్క్వాడ్ చేపలు పట్టేవాళ్ల వేషంలో గాలాలు, బుట్టలు పట్టుకుని మర చుట్టూ కాపు కాసింది. ఒక్క ఈగ కూడా వాలలేదు. చివరికి ఫియమ్మెట్టాయే పరుగెత్తుకుంటూ వచ్చింది.

“ఇక్కడేం చేస్తున్నావ్ కోర్సో?”

“నువ్వు పంపిన చోటికే వచ్చాను. ఎంతకి అమ్ముడుపోయావ్?” అందరి ముందూ ఆమె చేతులకు బేడీలు వేశాడు.

ఆమె చేతులు చూసుకుంది. “అక్కడ మీరెవరూ కనబడకపోతేనే అనుకున్నా, తేదీ తప్పు కొట్టుంటావని. మన తాతలకి కొత్త సంవత్సరం ఎప్పుడు కోర్సో? ఏటా ఆ రోజు రంగు మేజోళ్లేసుకుని ఊరేగింపులో నడిచేది నువ్వే కదా?”

మార్చి ఇరవై అయిదు, మేరీమాత పండుగ. అందాకా పాత సంవత్సరమే. అంటే రాతగాడు 1347 అని వేసిన ఫిబ్రవరి, నేటి లెక్కలో 1348. సైటేమో తేదీలన్నీ నేటి లెక్కకు మార్చి పెట్టింది. అతను తెరిచింది ఏడాది ముందటి దస్తావేజు.

సిగ్గుతో కోర్సో చెవులు మండిపోయాయి. పిల్లలాట అన్నాడు, మనిషి ప్రాణం మీదికి తెచ్చాడు. పైగా చెప్పడానికి తెగించి వచ్చిన మనిషికి బేడీలు. స్క్వాడ్ వాళ్ల మొహాలు చూడలేకపోయాడు. ఫోనులో 1348 కొట్టాడు. సెత్తిన్యానో కొండ మీద నూనె గానుగ.

ఫియమ్మెట్టాని బేడీలతోనే ఎక్కించుకుని జీపులు కొండెక్కేసరికి గానుగ పెరట్లో హెలికాప్టర్ నేల విడుస్తోంది. కోర్సో ఎగిరి, మూసుకుంటున్న తలుపులో చెయ్యి దూర్చి, బ్రందానీ కాలర్ పట్టి లాగాడు. ఇద్దరూ ఆలివ్ చెట్ల కింద దొర్లారు. స్క్వాడ్ కాల్పులకు హెలికాప్టర్ పెరట్లోనే కూలబడింది.

ఫోనులో కర్నల్ గొంతు: “శభాష్. తేదీ చిక్కు విప్పింది నువ్వేనా?”

అవునంటే సరిపోయేది.

“కాదు సార్. చిక్కు వేసింది నేను. విప్పింది ఫియమ్మెట్టా. నేనామెకి బేడీలేశాను.”

“ముందు అవి తియ్యవయ్యా.”

కోర్సో జేబులన్నీ తడుముకున్నాడు. తాళంచెవి రొవెజ్జానోలో చేపలబుట్టలో ఉండిపోయింది.

“పర్లేదులే,” అంది ఫియమ్మెట్టా. “చదువుకున్నవాడివి. సుత్తి ఎక్కడుందో గానుగవాణ్ణి అడుగు.”