గుండీల డబ్బాలో మాత్రలు

బడి గంట మోగిందో లేదో గిలక్కాయ పరుగు తీసింది. పదేళ్ల ఆ పిల్లకి ఇంట్లోవాళ్లు పెట్టిన పేరది. ఒక్క చోట కూర్చోదు, ఒక్క క్షణం నోరు మూయదు.

తాతయ్య కుట్టు దుకాణం గుమ్మంలోంచే అరిచింది.

"తాతయ్యా! బీపీ మాత్ర వేసుకున్నావా?"

బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లంతా తిరిగి చూశారు. ఒకాయన నవ్వాడు. "ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారండోయ్!"

"వేసుకున్నానమ్మా," అన్నాడు తాతయ్య, మిషన్ మీంచి తల ఎత్తకుండా.

ఈ పని అమ్మ అప్పగించింది. "తాతయ్య రోజూ మాత్ర వేసుకునేలా నువ్వు చూసుకో," అంది. అప్పట్నుంచి గిలక్కాయ పొద్దున లేవగానే అడుగుతుంది, అన్నం తింటుంటే అడుగుతుంది, వీధిలోంచి కూడా అడుగుతుంది.

ఆ రోజు ఒక చొక్కాకి గుండీ ఊడింది. గిలక్కాయ గుండీల డబ్బా అందుకుంది.

"ఉండు, నేను తీస్తా!" తాతయ్య గబుక్కున లేచాడు.

అప్పటికే మూత వచ్చేసింది. గుండీల మధ్య తెల్లగా, గుండ్రంగా ఏవో ఉన్నాయి. వాటికి చిల్లులు లేవు.

"మాత్రలు! వేసుకోకుండా దాచేస్తున్నావా? అన్నీ అబద్ధాలేనా తాతయ్యా?"

వచ్చినవాళ్లంతా తాతయ్య వైపు చూశారు. తాతయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఒక్కొక్కరే బట్టలిచ్చి వెళ్లిపోయారు.

గిలక్కాయ స్టూలు మీద కూర్చుంది. లేచింది. దారపు ఉండలు సర్దింది, మళ్లీ కలిపేసింది. అమ్మకి ఫోన్ చేసి చెప్పేద్దామా? తప్పు తాతయ్యదే కదా! మరి ఫోన్ తియ్యబుద్ధి కావట్లేదెందుకు?

తాతయ్య సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. ఎన్నిసార్లు పెట్టినా దారం జారిపోతోంది.

గిలక్కాయ దగ్గరికెళ్లి దారం ఎక్కించి ఇచ్చింది.

"ఎందుకు వేసుకోవట్లేదు తాతయ్యా?" అని మెల్లగా అడిగింది. ఇంకేదో అనబోయి పెదవి కొరుక్కుంది.

తాతయ్య సూదిని చొక్కాకి గుచ్చి పెట్టి అన్నాడు. "అది వేసుకుంటే మాటిమాటికీ బాత్రూమ్‌కి పరిగెత్తాలే. ఇక్కడ బాత్రూమ్ లేదాయె. షట్టర్ దించి వీధి చివరిదాకా పోవాలి. వచ్చినవాళ్లు ఊరుకుంటారా?"

"మాకు చెప్పొచ్చుగా?"

"నువ్వేమో మైకు పెట్టినట్టు అడుగుతావు. నలుగురిలో ఏం చెప్పను? ఎందుకు వేసుకోవట్లేదని ఇవాళేగా అడిగావు!"

గిలక్కాయ తల దించుకుని, "క్లినిక్‌కి పోదామా?" అని గొణిగింది.

సాయంత్రం ఇద్దరూ క్లినిక్‌కి వెళ్లారు. నర్సు తాతయ్య చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. ఆమె నుదురు ముడిపడింది.

"చాలా ఎక్కువుంది బాబాయ్. మాత్రలు ఆపేశారా?"

"నాకేం తెలియడం లేదమ్మా, బాగానే ఉన్నా."

"బీపీ పైకి తెలియదు. లోపల గుండెనీ మెదడునీ దెబ్బతీస్తుంది. ఎందుకు ఆపేశారు?"

చుట్టూ బెంచీల నిండా మనుషులు. తాతయ్య గోడకేసి చూశాడు. గిలక్కాయ నాలుక దురద పెట్టింది.

"అక్కా, తాతయ్య మీతో విడిగా మాట్లాడాలట," అని నర్సు చెవిలో చెప్పింది.

లోపలి గదిలో డాక్టర్ అంతా విని మాత్ర మార్చాడు. "ఇబ్బందైతే మీ అంతట మీరు మానేయకండి. వచ్చి చెప్పండి," అన్నాడు.

కొన్నాళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం గిలక్కాయ దుకాణానికి వచ్చేసరికి ఇద్దరు మనుషులు కొలతలిస్తున్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగి, తాతయ్య పక్కన చతికిలబడింది.

"కొత్త మాత్ర ఎలా ఉంది తాతయ్యా?"

"బాగానే..." అనబోయి తాతయ్య ఆగాడు. పంచె కాస్త పైకి లాగి పాదాలు చూపించాడు. "సాయంత్రానికి ఇలా వాస్తున్నాయే. మాత్ర మాత్రం మానలేదు."

గిలక్కాయకి కేక పెట్టాలనిపించింది. పెట్టలేదు.

"డాక్టర్‌కి చెబుదామా?"

"ఈ చొక్కా చెయ్యి అతికించేసి ఇప్పుడే పోదాం," అన్నాడు తాతయ్య.

గిలక్కాయ ఆయన చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. కుట్టు అయ్యేదాకా పక్కనే కూర్చుంది.