ఇరవై ఏండ్ల తర్వాత ఒక పొద్దుగాల

"దిగుతవా, లోపలికి జరుగుతవా? ఫుట్‌బోర్డు మీద నిలబడి ఏం రాస్తున్నవ్?"

భద్రాచలం బస్సుల నన్ను మొదట పలకరించిన మాట అది. అన్నది కండక్టర్ శ్యామల.

నా పేరు హాతీరాం. కారేపల్లి దిక్కు తండా మాది. ఇరవై ఏండ్లకు భద్రాచలం, సారపాక ఎట్లుంటయో ముందే ఊహించి ప్లాన్ గీసే కంపెనీల కొత్తగ చేరిన.

"సర్వే మేడం. ఎంతమంది ఎక్కుతున్నరో రాసుకుంటున్న."

"రాసుకో. టికెట్ తీసుకొని రాసుకో. ఫ్రీ ఆడోళ్లకే సారూ."

బస్సంత నవ్విన్రు. నాకు మస్తు కోపమొచ్చింది. గని ఆ ఊరికొచ్చినంక నాతోటి ఎవరన్న మాట్లాడుడు అదే మొదలు.

సారపాకల ఒక్క రూము కిరాయికి తీసుకున్న. పక్క రూములోళ్లు కాగితం మిల్లు షిఫ్టులకు పోతరు, వచ్చి పండుకుంటరు. ఎవరి తిప్పలు వాళ్లయి. నేను లాప్‌టాప్‌ల మూడు సీనారియోలు గీసేటోణ్ని. గోదావరి పొంగి ఊరు ఎగువకు జరిగితే ఒకటి, మిల్లు పెరిగి జనం వచ్చి పడితే ఒకటి, అడవి పక్కనుంచి కొత్త రోడ్డు పడితే ఒకటి. అన్నిట్ల ఇండ్లు పెట్టిన, బస్టాపులు పెట్టిన. తర్వాత ఒక్కనికి వండుకోబుద్ధి కాక, అరటిపండు తిని పండుకునేటోణ్ని.

సర్వే అయిపోయింది. నేను మాత్రం శ్యామల బస్సు ఎక్కుడు ఆపలే.

"ఏడికి?"

"సారపాక."

"సారపాకల ఎక్కి సారపాకకేంది?"

"భద్రాచలం పోయి వస్త."

"లెక్క ఇంకా తేలలేదా?"

"తేలలే."

ఆమె పెదవి బిగవట్టి నవ్వు ఆపుకుంది. కిటికీ సీటు చూపెట్టింది. అమ్మ ఫోన్ చేస్తే నేను మా లంబాడి తండా మాటల మాట్లాడుడు చెవొగ్గి విన్నది. బయట వాన పడుతుంటే, ఆమె గొంతు వినుకుంట కూసున్న.

మూడు సీనారియోలు ఊరోళ్లకు చూపెట్టెతందుకు ఆఖరి మీటింగు పంచాయతీ హాల్ల పెట్టిన్రు. అది ఒడిస్తే నేను హైదరాబాద్ పోవాలె. మనసుల మాట చెప్పకుండ పోతే శ్యామల నన్ను మరిచిపోతది. చెప్తే నవ్వుతదేమో. బస్సోళ్ల తరఫున ఆమె కూడ వచ్చింది.

ఇరవై ఏండ్ల తర్వాత ఒక పొద్దుగాల తమ ఇంట్ల ఏమైతుందో మీటింగుకు వచ్చిన ప్రతి ఒక్కరు చెప్పాలె. ముందు నన్ను చెప్పి చూపెట్టమన్నరు.

"లేస్త. నడిచి బస్టాపుకు పోత. బస్సు టైముకు వస్తది."

ముందట కూసున్న కూరగాయల సవరమ్మ అడిగింది. "చాయ్ ఎవరు పెడ్తరు బిడ్డా?"

"నేనే."

"ఇంట్ల ఎవ్వరుండరా?"

వేల ఇండ్లు గీసిన గని, నా ఇంట్ల ఇంకో మనిషిని పెట్టాలని తోచనే లేదు. "ఎవ్వరు లేరు అవ్వా" అన్న.

తర్వాత శ్యామల లేచింది.

"నేను డ్యూటీకి తయారైత. నా బిడ్డ వాళ్ల నాయనతోటి తండా మాట మాట్లాడ్తది. నాకు సగమే అర్థమైతది. నా మీదనే ఏదో చెప్పుకుంటున్నరని ఇద్దర్ని తిడ్త."

నేను ఆమె దిక్కు తిరిగిన.

"ఇది... ఏ సీనారియోల?"

"మూడిట్ల."

మీటింగు ఒడిసింది. బయట వాన. చూరు కింద ఆమె పక్కన నిలబడ్డ.

"రేపు హైదరాబాద్ పోవాలె" అన్న.

"పో. వచ్చేటప్పుడు మీ అమ్మను తోలుకరా. మా నాయనతోని మాట్లాడాలె గద."

అక్కడనే ఫోన్ తీసి అమ్మకు కలిపిన. "ఏమైందిరా, గొంతు గట్లుంది?" అన్నది అమ్మ. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు.