చిన్న గెర్‌లో మూడో పక్క

తెల్లవారేసరికి ఆరుబయట పొయ్యి మీద ఉప్పేసిన పాల టీ కాగుతోంది. లారీ దింపిన సామాను పక్కన నడుం పట్టుకుని కూర్చుంది ఖులాన్. ఆ చలికాలం మంచు వాళ్ల మందనంతా మింగేసింది. ఇక మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ శివారులో, ఈ కొండవాలు మీద గెర్ అనే ఉన్ని గుడారం వేసుకుని బతకాలి.

"టీ చల్లారిపోతోంది అత్తయ్యా."

"చల్లారనీ. నీ టీలో ఉప్పు ఎప్పుడు సరిగ్గా పడింది గనక!" అంది దోల్గోర్, దగ్గుతూ.

ఖులాన్ టీ గిన్నె అత్తగారి పక్కనే పెట్టింది.

ఆమె భర్త జామ్యాన్ తడికలు గుండ్రంగా నిలబెట్టి, గుర్రపు వెంట్రుకల తాళ్లతో బిగించాడు. దక్షిణం వైపు తలుపు పెట్టాడు. వారం రోజులు ఆడవాళ్లిద్దరినీ తన అక్క ఇంట్లో ఉంచి, పాత గెర్ విప్పి సర్దిందంతా అతనొక్కడే. ఇప్పుడతను గెర్ పైకప్పు నడుమ అమర్చే చెక్క చక్రం దొర్లించుకొస్తుంటే దోల్గోర్ చటుక్కున లేచింది.

"ఒరేయ్, ఇది మనది కాదు. మీ నాన్న చెక్కిన చక్రమేదిరా?"

"ఆ గెర్ ఇచ్చేసి చిన్నది తీసుకున్నానమ్మా. ఈ జాగాలో పెద్దది పట్టదు."

దోల్గోర్ సామానంతా కలియజూసింది. "మరి నా మంచం?"

జామ్యాన్ తలెత్తలేదు. "అక్క ఇంట్లో ఉంది. రేపు లారీ తిరిగి వెళ్తుంది. నువ్వూ..."

"నన్ను తిప్పి పంపడానికేనా ఇంతదూరం తెచ్చావు?" ఆమె కోడలి వైపు తిరిగింది. "నీ పట్టుదల నెగ్గింది కదే!"

"నాకు తెలిస్తే ఒట్టు!" ఖులాన్ భర్తను నిలదీసింది. "ఏమండీ, ఆవిడ సంగతి సరే, నన్నయినా అడిగారా?"

"ఏమని అడగను? అక్కడే చెబుదామంటే నోరు రాలేదు." జామ్యాన్ చక్రం వదిలేసి నేలమీద కూలబడ్డాడు. "పొద్దున లేస్తే మీ ఇద్దరికీ పడదు. ఇక్కడ చలికాలమంతా బొగ్గు పొగ. ఆ దగ్గుతో అమ్మ ఇక్కడ బతుకుతుందా? మందను కాపాడుకోలేకపోయాను. అమ్మనైనా..." రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

మంద పోయిన రోజున కూడా కొడుకు ఏడవడం చూడలేదు దోల్గోర్. వెళ్లి పక్కన కూర్చుంది.

"పొగకి పోతే పోతాన్రా. మీకు దూరంగా మంచి గాలి పీల్చుకుంటూ ఏం చేసుకోను?"

ఖులాన్ లేచింది. పుట్టింటివాళ్లిచ్చిన రంగుల పెట్టెను లారీ పక్కనుంచి కంచె దాకా ఈడ్చి, దాని మీద గోనెపట్టా కప్పింది. "పెట్టె బయటే ఉంటుంది, లోపల చోటు మిగులుతుంది. తలుపుకి ఎదురుగా పెద్దల చోట్లో మన మంచం అత్తయ్యకి వేద్దాం. మనం కింద పడుకుందాం."

"వానకి తడిసిపోతుందే, పిచ్చిదానా."

"తడవనీయండి. రోజూ నన్ను తిట్టడానికి ఇంట్లో మనిషొకరు ఉండాలిగా."

దోల్గోర్ నవ్వబోయి, ముఖం పక్కకి తిప్పుకుని అంగీ చేతితో కళ్లు తుడుచుకుంది. తర్వాత లేచి, కొడుకుతో కలిసి చక్రాన్ని రెండు నిట్రాళ్ల మీదికెత్తి, వాటి మధ్య నిలబడి పట్టుకుంది.

"చూస్తారేం? వాసాలు అందుకోండి. నా చేతులు లాగేస్తున్నాయి."

భార్యాభర్తలు చెరోవైపు నుంచి మొదటి వాసాలు ఎత్తి చక్రంలో గుచ్చారు.